గ్రంథాలయం నల్లబల్ల మీద “చరిత్రలో ఈ రోజు” రాయడం ఎలా: జూలై 4 ఉదాహరణగా

గోదావరి డెల్టాలో కాలువగట్టు ఊళ్ళలో శాఖా గ్రంథాలయం వరండాలోనో, హైస్కూల్లో ప్రార్థన జరిగే చోటో ఒక నల్లబల్ల కనిపిస్తుంది. దాని మీద పైన తేదీ, వారం, తిథి. కింద “చరిత్రలో ఈ రోజు” అనే శీర్షిక, ఆ కింద నాలుగైదు వాక్యాలు. పొద్దున్నే పేపరు కోసం వచ్చే పెద్దలూ, బడికి వెళ్తూ సైకిలు ఆపి చూసే పిల్లలూ ఆ వాక్యాలను నమ్మి తీసుకువెళ్తారు. పిల్లలు నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటారు. అక్కడి నుంచి అవి వక్తృత్వ పోటీల్లోకీ, పరీక్ష జవాబుల్లోకీ వెళ్తాయి. బల్ల మీది తప్పును మర్నాడు గుడ్డతో తుడిచేయవచ్చు గాని, నోటుపుస్తకాల్లోకి వెళ్ళిన తప్పును తుడవడం ఎవరి తరమూ కాదు. ఆ పనిని కొత్తగా చేపట్టే వారి కోసం, పన్నెండేళ్ళుగా చేస్తున్న అనుభవంతో ఇది రాస్తున్నాను.

ముందుగా కావలసింది సుద్దముక్క కాదు, పుస్తకం. దుకాణాల్లో పద్దులు రాసుకునే గట్టి అట్ట లెడ్జరు, నాలుగు వందల పేజీలది ఒకటి కొనండి. రోజుకో పేజీ చొప్పున 366 పేజీలకు తేదీలు వేయండి. ఫిబ్రవరి 29కి కూడా పేజీ ఉండాలి. ప్రతి పేజీలోనూ సంవత్సరం, జరిగిన సంగతి, జరిగిన చోటు, ఎక్కడ చదివాం లేదా ఎవరు చెప్పారు అనే నాలుగు గళ్ళు గీసుకోవాలి. దొరికిన ప్రతి సంగతినీ మొదట పెన్సిలుతో రాయాలి. ఒకదాని మీద ఒకటి ఆధారపడని రెండు చోట్ల అదే సంగతి కనబడినప్పుడే దాని మీద సిరాతో దిద్దాలి. ఒకే వ్యాసాన్ని నలుగురు ఎత్తిరాస్తే అవి నాలుగు ఆధారాలు కావు, ఒకటే. పెన్సిలు గీత మీద ఉన్నది ఎంత ఆకర్షణగా ఉన్నా బల్ల ఎక్కకూడదు.

ఇక సరుకు పోగుచేయడం. జూలై 4 పేజీనే తీసుకుందాం. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన. 1807లో ఇటలీ ఏకీకరణ కోసం పోరాడిన గారిబాల్డీ పుట్టుక. 1897లో అల్లూరి సీతారామరాజు పుట్టుక. 1898లో, తరువాతి కాలంలో రెండుసార్లు తాత్కాలిక ప్రధానిగా పనిచేసిన గుల్జారీలాల్ నందా పుట్టుక. 1902లో బేలూరు మఠంలో స్వామి వివేకానంద నిర్యాణం. 1934లో మేరీ క్యూరీ మరణం. 1943లో సింగపూర్‌లో రాస్ బిహారీ బోస్ నుంచి సుభాష్ చంద్రబోస్ ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ నాయకత్వాన్ని స్వీకరించడం. 1947లో భారత స్వాతంత్ర్య బిల్లు బ్రిటిష్ కామన్స్ సభ ముందుకు రావడం. 1961లో కొవ్వూరులో సంగీత దర్శకుడు ఎం.ఎం. కీరవాణి పుట్టుక. 1963లో పింగళి వెంకయ్య మరణం. 2012లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాల, హిగ్స్ బోసాన్‌ను పోలిన కొత్త కణాన్ని కనుగొన్నట్టు ప్రకటించడం. బల్ల మీద పట్టేది ఇందులో సగం కూడా కాదు. అయినా అన్నీ లెడ్జరులో ఉండాలి, ఎందుకంటే వచ్చే ఏడాది ఇదే పేజీ మళ్ళీ తెరుస్తారు.

క్రియాపదాన్ని పరీక్షించండి

కొత్తగా రాసేవారు అంకెల్లోనే తప్పులు వెతుకుతారు. నా అనుభవంలో తప్పు ఎక్కువగా ఉండేది అంకెలో కాదు, వాక్యం చివరి క్రియలో. అమెరికా సంగతే చూడండి. బ్రిటన్ నుంచి విడిపోవాలన్న తీర్మానానికి అక్కడి కాంగ్రెస్ ఓటు వేసింది 1776 జూలై 2న. ప్రకటన పాఠాన్ని ఆమోదించింది జూలై 4న. ప్రతినిధుల్లో ఎక్కువమంది దాని మీద సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. నేను మొదటి సంవత్సరం “ప్రకటన మీద సంతకాలు చేశారు” అని రాశాను. ఆ వాక్యాన్ని ఎక్కించుకున్న ఒక అమ్మాయి రెండేళ్ళ తరువాత పోటీ పరీక్షలకు చదువుతూ, పుస్తకం తెచ్చి నా ముందు తెరిచి పెట్టి, “ఇదేమిటండీ మాస్టారూ, మీరు వేరేగా రాశారు కదా” అని అడిగింది. తేదీ సరైనదే, సంవత్సరం సరైనదే, “చేశారు” అన్న ఒక్క మాట తప్పు. అప్పటి నుంచి ప్రతి వాక్యంలోనూ ముందుగా క్రియనే పట్టుకుంటున్నాను: ప్రవేశపెట్టారా, ఆమోదించారా, సంతకం చేశారా, అమలులోకి వచ్చిందా?

మన స్వాతంత్ర్య చట్టానికీ ఇదే వర్తిస్తుంది. బిల్లు కామన్స్ సభ ముందుకు వచ్చింది 1947 జూలై 4న. రాజు ఆమోదముద్ర పడింది జూలై 18న. అధికారం చేతులు మారింది ఆగస్టు 15న. జూలై 4 కింద “ప్రవేశపెట్టారు” అని రాస్తే అది చరిత్ర. “ఆమోదించారు” అని రాస్తే అది కల్పన.

ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మన డెల్టాలోనే ఉంది. గౌతమి ఒడ్డున ఉన్న యానాం ఏ రోజున భారతదేశంలో కలిసిందని ఎవరినైనా అడిగి చూడండి. చెప్పేవారిని బట్టి వేరు వేరు జవాబులు వస్తాయి, ఎవరూ అబద్ధం చెప్పరు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు ఫ్రెంచి పరిపాలన నుంచి పట్టణాన్ని స్వాధీనం చేసుకున్నారు. అదే ఏడాది అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో ఫ్రెంచి స్థావరాల ప్రజాప్రతినిధులు విలీనానికి అనుకూలంగా ఓటు వేశారు. నవంబరు 1న పరిపాలన వాస్తవంగా భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1956 మే 28న రెండు దేశాలు అప్పగింత ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆ ఒప్పందం ధ్రువపడి, చట్టప్రకారం బదిలీ పూర్తయింది 1962 ఆగస్టు 16న. అంటే ఒక్క యానాం లెడ్జరులో అయిదు పేజీల మీద కనిపించాలి, అయిదు చోట్లా క్రియ వేరుగా ఉండాలి. “యానాం విలీనమైంది” అనే తేలిక వాక్యాన్ని ఏ పేజీ మీదా రాయవద్దు. యానాం నుంచి మన ఊళ్ళకు చదువుకోవడానికి వచ్చే పిల్లలు ఉంటారు; వాళ్ళ తాతగారు చూసిన సంగతిని మనం పొడిపొడిగా చెప్పడం న్యాయం కాదు.

రోజు తెలియని సంగతిని ఏ రోజు కిందా రాయకూడదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847 నుంచి 1852 వరకు సాగింది. అయిదేళ్ళు సాగిన పనికి ఒక్క రోజును అంటగట్టడం కంటే, సర్ ఆర్థర్ కాటన్ పుట్టిన మే 15 పేజీలో, 1803లో పుట్టిన ఆయన గురించి చెబుతూ ఆ వాక్యంలోనే ఆనకట్ట సంవత్సరాలు చెప్పడం మంచి పద్ధతి.

తిథి నుంచి తేదీకి

మన ప్రాంతంలో పాతతరం వారి పుట్టుకలు తేదీల్లో కాక తిథుల్లో, సంవత్సర నామాల్లో నిలిచి ఉన్నాయి. తాటాకు మీదనో, పాత పంచాంగం అంచునో రాసిన జాతకం చేతికి వస్తే అది బంగారమే, కాని దాన్ని తేదీలోకి మార్చేటప్పుడు మూడు చోట్ల జాగ్రత్త పడాలి. సంవత్సర నామం అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తుంది: హేవిళంబి అంటే 1897–98 కావచ్చు, 1957–58 కావచ్చు, 2017–18 కావచ్చు. తెలుగు సంవత్సరం ఉగాదితో మారుతుంది కనుక జనవరి, ఫిబ్రవరి పుట్టుకలు పేరుకు ముందు సంవత్సరంలో పడతాయి. మూడోది రాత్రివేళ. ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రి మారుతుంది. మన రోజు సూర్యోదయంతో మారుతుంది. శుభలేఖల్లో “ఆదివారం రాత్రి, తెల్లవారితే సోమవారం” అని వేస్తారే, ఆ మాటలోనే ఈ చిక్కంతా ఉంది. అటువంటి పుట్టుకకు తేదీ వేయవలసింది సోమవారానిది.

జూలై 4 పేజీలో మనకు అన్నిటికంటే ముఖ్యమైన పేరు దగ్గరే ఈ పరీక్ష పెట్టవలసి వస్తుంది. అల్లూరి సీతారామరాజు పుట్టిన సంవత్సరం ఎక్కువ పుస్తకాల్లో 1897, కొన్నిటిలో 1898. ఆ రెండు సంవత్సరాల పేర్లు వరసగా హేవిళంబి, విళంబి. చెవిన పడినప్పుడు ఒక్క అక్షరం తేడా. రెండు తేదీలనూ పంచాంగం పక్కన పెట్టి చూద్దాం. 1897 జూలై 4 ఆదివారం; అమావాస్య వెళ్ళి నాలుగైదు రోజులు, ఆషాఢ శుద్ధం. 1898 జూలై 4 సోమవారం. ఆషాఢ పౌర్ణమి మర్నాడు, బహుళ పాడ్యమి. అంటే ఏ కుటుంబంలోనైనా ఇలా రెండు సంవత్సరాల మధ్య సందేహం ఉన్నప్పుడు, “ఆ రాత్రి వెన్నెల పిండారబోసినట్టు ఉందట” అని ఒక ముసలమ్మ చెప్పిన మాట కూడా సాక్ష్యమే. వారం, పక్షం రెండూ కలిసిన సంవత్సరమే నిలుస్తుంది. అల్లూరి విషయంలో భీమవరంలో 125వ జయంతి ఉత్సవం 2022 జూలై 4న జరిగింది, 30 అడుగుల కంచు విగ్రహాన్ని ఆ రోజే ఆవిష్కరించారు. ఆ లెక్క 1897 ప్రకారం వేసినదే. బల్ల మీద మనమూ 1897 అనే రాస్తాం, లెడ్జరులో మాత్రం రెండో సంవత్సరాన్ని కూడా పెన్సిలుతో ఉంచుతాం.

చోటు కూడా అంతే. భీమవరం దగ్గరి మోగల్లు ఆయన పితృగ్రామం; పుట్టినది భీమునిపట్నం వైపు పాండ్రంగిలో, అమ్మమ్మగారి ఊళ్ళో అని చెబుతారు. పురుడు పుట్టింటిలో పోయడం మన ఆచారం కనుక, “ఫలానావారు మా ఊరి బిడ్డ” అన్న మాటా, “ఫలానా ఊళ్ళో పుట్టారు” అన్న మాటా రెండూ నిజం కావచ్చు. మన ఊరి మీద ప్రేమ కొద్దీ మొదటిదాన్ని రెండోదిగా మార్చి రాయకూడదు.

సర్టిఫికెట్టులోని తేదీల గురించి ఒక మాట. జూన్‌లో బడి తెరిచినప్పుడు, అయిదేళ్ళు నిండాయని చూపడానికి పంతులుగారు తోచిన తేదీ వేయడం ఒకప్పుడు సర్వసాధారణం. అందువల్ల స్థానిక ప్రముఖుల వివరాలు సేకరించేటప్పుడు జూలై 1 వంటి తేదీ కనిపిస్తే, ఇంట్లో పెద్దలను మరోసారి అడగండి.

విదేశీ సంగతుల్లో పాత క్యాలెండరు చిక్కు ఉంది. బ్రిటన్‌లో 1752 సెప్టెంబరు 2 తరువాతి రోజును 14గా లెక్కించారు. అందుకే న్యూటన్ పుట్టుక అప్పటి లెక్కలో 1642 డిసెంబరు 25, ఇప్పటి లెక్కలో 1643 జనవరి 4. రష్యా అక్టోబరు విప్లవం ఇప్పటి లెక్కలో నవంబరు 7న పడుతుంది. గడియారం తేడా కూడా గుర్తుంచుకోవాలి: మనిషి చంద్రుడి మీద దిగినప్పుడు అమెరికాలో 1969 జూలై 20, మనకు అప్పటికే అర్ధరాత్రి దాటి 21. కీరవాణికి ఆస్కార్ అందినప్పుడు లాస్ ఏంజెలెస్‌లో 2023 మార్చి 12 సాయంత్రం, కొవ్వూరులో 13 ఉదయం. సంఘటన జరిగిన చోటి తేదీనే తీసుకోవాలన్నది నేను పాటించే నియమం.

ఊరి జ్ఞాపకాన్ని తేదీ చేయడం

ప్రపంచ చరిత్ర ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. మన బల్ల మీద తప్ప మరెక్కడా కనిపించనిది మన నేల చరిత్ర. అందుకే వారానికి రెండు మూడు రోజులైనా స్థానిక వాక్యం ఒకటి ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. దాన్ని సంపాదించే పద్ధతి ఓర్పుతో అడగడమే.

కోనసీమను తుడిచిపెట్టిన 1996 తుపాను గురించి అడిగినప్పుడు, కొబ్బరి దింపు చేసి బతికిన ఒక పెద్దాయన నాకు తేదీ చెప్పలేదు. అరుగు మీద కూర్చుని, తాటాకు విసనకర్ర పక్కన పెట్టి ఇలా అన్నారు: “దీపావళికింకా నాలుగు రోజులుందండి. మతాబులు కట్టుకుందామని పెట్టుకున్న సరుకంతా తడిసిపోయిందండి ఆ రాత్రి. బుధవారం అండి, మర్నాడు గురువారం పొద్దున్న చూస్తే తోటలో నిలబడ్డ చెట్టు లేదు.” ఆ ఏడాది దీపావళి నవంబరు 10, ఆదివారం. దానికి నాలుగు రోజుల ముందు నవంబరు 6, బుధవారం. తుపాను కాకినాడకు దక్షిణాన తీరం దాటింది సరిగ్గా ఆ రాత్రే. పండుగ, వారం, పుస్తకంలోని తేదీ మూడూ కలిసినప్పుడు కలిగే నమ్మకం ఏ ఒక్కదానితోనూ కలగదు. పండుగతో ముడిపడిన జ్ఞాపకం చాలా గట్టిది. “ఏ తేదీనండీ” అని అడగకండి, “ఏ పండుగకు దగ్గరలోనండీ, ఏ వారమండీ” అని అడగండి.

వరదల తేదీలు ఇంకా సున్నితమైనవి. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఆ నీరు ధవళేశ్వరం దాటి లంకలను ముంచేసరికి సమయం పడుతుంది, గట్లు తెగిన సమయాలూ వేరు. కనుక “వరద వచ్చిన రోజు” ఊరికొకటి; చోటు పేరు లేకుండా వరద తేదీ రాయవద్దు.

ఆపద జరిగిన తేదీలను రాసేటప్పుడు, ఆ ఇళ్ళవారు రేపు పొద్దున్న బల్ల ముందు నిలబడతారని గుర్తుంచుకోండి. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్ళో గ్యాస్ గొట్టపు మార్గం పేలి మంటలు వ్యాపించిన సంగతిని రాసే రోజున, దాని పక్కనే సినీనటుల పుట్టినరోజులు వేయను. ఆ రోజుకు ఆ వాక్యం ఒక్కటే చాలు.

వాక్యం కట్టడం

బతికి ఉన్నవారికి “పుట్టినరోజు”, గతించినవారికి “జయంతి”, మరణించిన రోజుకు “వర్ధంతి” అన్న తేడా మన పాఠకులకు చాలా పట్టింపు. ఇది తారుమారైతే ఇంటికి వచ్చి మరీ అడుగుతారు. నూరవ జయంతి అంటే నూరేళ్ళు నిండిన రోజు. శత జయంతి సంవత్సరం ఆ ముందు ఏడాదే మొదలుపెట్టే అలవాటు కూడా ఉంది కనుక, సంవత్సరాన్ని తీసివేసి సరిచూసుకున్న తరువాతే సంఖ్య వేయండి. “మొట్టమొదటి”, “ఏకైక” అనే మాటలు సాధ్యమైనంతవరకు వదిలివేయండి. ఊరి పేరు వెంట జిల్లా రాసేటప్పుడు ఏ కాలం జిల్లానో ఆలోచించండి. కీరవాణి పుట్టిననాడు కొవ్వూరు పశ్చిమ గోదావరిలో ఉంది, 2022 ఏప్రిల్ 4 నుంచి తూర్పు గోదావరిలో ఉంది. మోగల్లు ఉన్న భీమవరం తాలూకా 1897లో గోదావరి జిల్లాది, 1904లో కృష్ణాకు మారింది, 1925లో పశ్చిమ గోదావరికి వచ్చింది. నేను “నేటి” అన్న మాట చేర్చి ఇప్పటి జిల్లాను రాస్తాను.

ఎంపికలో పొంతన కలిసే రోజులను వదులుకోవద్దు. జనవరి 12న 1863లో కలకత్తాలో వివేకానంద, 1895లో భీమవరంలో శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పుట్టారు. ఆ రెండు పేర్లు ఒకే బల్ల మీద చూసిన పిల్లవాడికి, ఇంత పెద్ద సంగతి తన పక్క ఊళ్ళో కూడా మొదలవుతుందని తెలుస్తుంది. ఆగస్టు 22న 1922లో అల్లూరి దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేసింది. 1955లో అదే తేదీన మొగల్తూరులో చిరంజీవి పుట్టారు. అభిమాని రెండో వాక్యం కోసం వచ్చినా మొదటిది కూడా చదువుకుని వెళ్తాడు.

బల్లను ముందురోజు సాయంత్రమే రాయాలి. జూలైలో ముసురు పట్టినప్పుడు బల్ల చెమ్మగిల్లి సుద్ద అంటదు. పొడిగుడ్డతో తుడిచి, పావుగంట ఆరనిచ్చి, లావు సుద్దముక్కతో రాయండి. తప్పు తేలినప్పుడు మర్నాటి బల్లలో కింద కుడి మూలన “దిద్దుబాటు” అని గీత గీసి, నిన్నటి వాక్యం, సరైన వాక్యం రెండూ రాసి మూడు రోజులు ఉంచండి. ఎవరు పట్టి చూపారో వారి తరగతి కూడా రాస్తే పిల్లలు మరింత శ్రద్ధగా చదువుతారు.

ఇవన్నీ దాటుకుని జూలై 3 సాయంత్రం నేను బల్ల మీద రాసినవి ఈ అయిదు వాక్యాలు:

1776: అమెరికా స్వాతంత్ర్య ప్రకటన పాఠాన్ని అక్కడి కాంగ్రెస్ ఆమోదించింది.

1897: అల్లూరి సీతారామరాజు జయంతి. పితృగ్రామం నేటి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. 1924 మే 7న కొయ్యూరులో బ్రిటిష్ వారి తుపాకులకు బలయ్యారు.

1947: భారత స్వాతంత్ర్య బిల్లును బ్రిటిష్ కామన్స్ సభలో ప్రవేశపెట్టారు.

1961: సంగీత దర్శకుడు ఎం.ఎం. కీరవాణి పుట్టినరోజు. పుట్టిన ఊరు కొవ్వూరు, నేటి తూర్పు గోదావరి జిల్లా.

1963: జాతీయ పతాక రూపశిల్పి, కృష్ణా జిల్లా భట్లపెనుమర్రుకు చెందిన పింగళి వెంకయ్య వర్ధంతి.

మిగిలిన ఆరింటినీ లెడ్జరులోనే ఉంచి, వచ్చే ఏడాది మేరీ క్యూరీతో మొదలుపెట్టాలని పేజీ అంచున రాసుకున్నాను.